నెల్లూరు తీరంలో క్రిస్మస్: ఒక తేదీ ఇంటి పండుగైన చరిత్ర

నెల్లూరు తీరంలో ఊరూరా క్రిస్మస్ జరగడం సుమారు నూటయాభై ఏళ్లుగా వస్తున్న ఆచారం. కృష్ణపట్నం, ముత్తుకూరు, గూడూరు, నెల్లూరు ప్రాంతాల్లో డిసెంబరు వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ల మీద నక్షత్రాలు వెలుగుతాయి, రాత్రిళ్లు వీధుల్లో కీర్తనలు వినిపిస్తాయి, ఇంట్లో పిండివంటల మూకుడు పొయ్యి దిగదు. ఈ పండుగకు తేదీ రోములో ఖాయమైంది. దాన్ని ఇక్కడికి తెచ్చింది అమెరికా, జర్మనీ దేశాల మిషనరీలు. అయితే దాన్ని ఇంటి పండుగగా మలచుకున్నది ఇక్కడి కుటుంబాలే. ఒక్కొక్క ఇల్లు తన చేతి పనిని, తన పాటను, తన వంటను, తన మొక్కుబడిని ఆ రోజుకు జతచేసింది. ఆ చేర్పులు ఎలా మొదలయ్యాయో, ఎలా నిలిచాయో తెలిస్తేనే ఈ పండుగ అర్థమవుతుంది.

తేదీ వచ్చిన దారి

యేసు పుట్టిన తేదీ సువార్తల్లో లేదు. డిసెంబరు 25న ఆయన జననాన్ని స్మరించినట్టు తొలి ఆధారం 354లో రోములో తయారైన ఒక పంచాంగ గ్రంథంలో కనిపిస్తుంది. అందులోని ఆ వివరం 336 నాటిదని పండితులు చెబుతారు. తూర్పు సంఘాలు చాలాకాలం జనవరి 6కే ప్రాధాన్యమిచ్చాయి. పదహారో శతాబ్దంలో సంఘ సంస్కరణ వచ్చాక ఈ పండుగ విషయంలో ప్రొటెస్టెంట్లలోనే రెండు దారులు ఏర్పడ్డాయి. లూథరన్లు పాత సంఘ సంవత్సరాన్ని, అందులోని పండుగలను ఉంచుకున్నారు. ప్యూరిటన్లు మాత్రం బైబిల్లో ఆజ్ఞ లేని పండుగ అక్కర్లేదన్నారు. వారి పాలనలో ఉన్న మసాచుసెట్స్‌లో 1659 నుంచి 1681 వరకు క్రిస్మస్ జరుపుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా ఉండేది. అదే రాష్ట్రంలో క్రిస్మస్ చట్టబద్ధమైన సెలవు కావడానికి 1856 దాకా పట్టింది.

ఈ రెండు దారులూ నెల్లూరు జిల్లాకు చేరాయి. బోస్టన్ కేంద్రంగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగు దేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. 1844లో అక్కడ ఎనిమిది మందితో సంఘం ఏర్పడింది. 1849లో లైమన్ జూయెట్ వచ్చాడు. వీరిది ఆదివారానికి పెద్దపీట వేసే సంప్రదాయం. ఏడాదిలో ప్రత్యేక పండుగలను పాటించడం వారి ఆరాధనలో ముఖ్యమైన భాగం కాదు. డే నెల్లూరులో స్థిరపడిన పాతికేళ్లకు జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ నుంచి ఆగస్ట్ మైలియస్ 1865లో సూళ్లూరుపేట ప్రాంతానికి వచ్చాడు. నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, వాకాడు వైపు లూథరన్ సంఘాలు విస్తరించాయి. వీరికి క్రిస్మస్ అంటే నాలుగు ఆదివారాల ఆగమన కాలం, కొవ్వొత్తులు, చెట్టు, పాట అన్నీ కలిసిన పండుగ. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్ల పని ఆగిపోయి, ఆ సంఘాలు అమెరికాలోని ఓహాయో లూథరన్ల చేతికి వెళ్లాయి. వాటి వారసత్వమే నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. కతోలికుల నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడింది. అర్ధరాత్రి పూజ, పశువుల పాక వారి పద్ధతి. పశువుల పాక కట్టే ఆచారాన్ని 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో ఫ్రాన్సిస్ అస్సీసీ ప్రచారంలోకి తెచ్చాడు.

కృష్ణపట్నం ఈ రెండు మిషన్ల నడుమ ఉన్న ఊరు. వాయవ్యంగా బాప్టిస్టుల నెల్లూరు, నైరుతిగా లూథరన్ల గూడూరు ఉన్నాయి. కండలేరు సముద్రంలో కలిసే ఈ రేవు మీదుగానే బకింగ్‌హామ్ కాలువ పోతుంది. 1899లో మద్రాసు నుంచి బెజవాడ దాకా రైలు పూర్తయ్యే వరకు తీరం వెంబడి ఉప్పుకూ ధాన్యానికీ మనుషులకూ ఆ కాలువే రహదారి. మద్రాసు నుంచి పుస్తకాలూ మనుషులూ ఉత్తరాన ఉన్న మిషన్ స్థానాలకు ఆ పడవల మీదే వెళ్లేవారు. ఆ కాలువ తవ్వకానికీ ఈ తీరపు క్రైస్తవుల చరిత్రకూ దగ్గరి సంబంధం ఉంది.

కరువు, కాలువ, ఆదివారం

ఆ సంబంధం ఒంగోలు వైపు నుంచి మొదలైంది. మిషనరీలు వచ్చిన కాలంలో ఆ ఊరు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. 1904లో దాన్ని గుంటూరు జిల్లాలో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 1866లో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. అదే కాలంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు క్రైస్తవుడయ్యాడు. తోలు వ్యాపారం మీద ఊళ్లు తిరిగే పేరయ్య ద్వారా తాళ్లకొండపాడు చుట్టుపక్కల గూడేల్లో కొత్త మతం మాట పాకింది. 1867 జనవరిలో అక్కడ ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు.

క్లౌ వారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పడానికి చిన్న మాటలే అయినా, మాదిగల జీవితంలో ఈ మూడూ పెద్ద మార్పు. ఊళ్లో పశువు చస్తే ఎత్తుకుపోవడం, కోతల్లో రోజు తప్పకుండా పనికి రావడం, గ్రామదేవత జాతరలో డప్పు కొట్టడం వారికి పుట్టుకతో అంటగట్టిన వెట్టి. ఆదివారం పనికి రామన్నా, జాతరలో డప్పు కొట్టబోమన్నా ఊరి పెద్దలకు అది ధిక్కారంగా కనిపించింది. కొత్త క్రైస్తవులు దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు, కేసులు ఎదుర్కొన్నారు. తమదంటూ ఒక దినం కావాలని పట్టుబట్టినందుకు చెల్లించిన మూల్యమది. ఆ గూడేల్లో పవిత్ర దినం అనే భావన ఇలా వేళ్లూనుకుంది. పండుగల్లో ఇతరుల కోసం డప్పు కొట్టినవారికి తమ పండుగ అంటూ ఒకటి ఏర్పడటం చిన్న విషయం కాదు.

1876–78 నాటి మహాకరువులో మద్రాసు రాజధాని అంతా అల్లాడింది. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువను పొడిగించింది. నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే దానికి పెట్టారు. క్లౌ మూడున్నర మైళ్ల కాలువ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలుగా ఉండి పని చూశారు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ కూలీలతో కూర్చుని మాట్లాడారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని క్లౌ కరువు తీరేదాకా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు సాయం ముగిశాక వచ్చినవారిని ఇక ఆపలేకపోయాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఏడాది మొత్తం తొమ్మిది వేలు దాటింది. తొలి మూడు దశాబ్దాలు పిడికెడు మందితో నడిచిన మిషన్‌కు ఇప్పుడు వందల ఊళ్లలో సంఘాలు ఏర్పడ్డాయి. అన్ని ఊళ్లకూ మిషనరీ వెళ్లడం సాధ్యం కాదు. పండుగ పూట ప్రార్థన నడిపేది ఊరి ఉపదేశి, బడి పంతులు, బైబిలు స్త్రీ. పండుగ స్థానికుల చేతుల్లోకి రావడానికి ఇదే పెద్ద కారణం.

నక్షత్రం

స్థానికుల చేతుల్లో క్రిస్మస్‌కు వచ్చిన మొదటి గుర్తు నక్షత్రం. కాగితపు నక్షత్రానికి ఐరోపాలోనూ ఒక చరిత్ర ఉంది. జర్మనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ బడి పిల్లలు పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలో రేఖాగణితం పాఠంగా అనేక కోణాల నక్షత్రాలు చేశారు. నెల్లూరు తీరంలో ఇంటింటా కనిపించే ఐదు మొనల నక్షత్రం మాత్రం వెదురు పని తెలిసిన చేతులకు తగినట్టు తయారైంది.

దాన్ని చేసే పద్ధతి ఇది. ముదురు వెదురును సన్నటి బద్దలుగా చీలుస్తారు. ఒకే పొడవున్న ఐదు బద్దలను ఒకదాని మీదుగా ఒకటి పోనిచ్చి, మొనల దగ్గర దారంతోనో సన్న తీగతోనో బిగించి ఒక చట్రం చేస్తారు. అలాంటిదే ఇంకొకటి కట్టి, రెండింటినీ మొనల దగ్గర జతచేస్తారు. లోపల బద్దలు దాటుకునే ఐదు చోట్ల జానెడు పుల్లలు అడ్డంగా నిలబెడితే చట్రాలు రెండూ ఎడంగా జరిగి నక్షత్రం ఉబ్బుతుంది. పైన రంగు కాగితాన్ని మైదా జిగురుతో అంటిస్తారు. వెనుక ఒక మొన దగ్గర కాగితం అంటించకుండా వదిలితే దీపం పెట్టే దారి అది. పాతరోజుల్లో అందులో చిన్న నూనె దీపమో కొవ్వొత్తో ఉండేది, కరెంటు వచ్చాక బల్బు వచ్చింది. పొడవాటి వెదురు గడకు కట్టి ఇంటి కప్పు మీదుగా పైకెత్తుతారు. నవంబరు, డిసెంబరు నెలలు ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం పట్టిందంటే కాగితం ఒక్క రాత్రిలో తడిసి ఊడిపోతుంది, పిల్లలు మళ్లీ అంటిస్తారు. బజారులో ప్లాస్టిక్ నక్షత్రాలు రావడానికీ, వాటికి గిరాకీ పెరగడానికీ ఈ వానలు ఒక కారణం. అయినా సొంతంగా కట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కార్తీకమాసంలో దేవాలయాల దగ్గర గడ మీద ఆకాశదీపం వెలిగించే తెలుగు నేల మీద, నెల తిరిగేలోగా ఎత్తైన నక్షత్ర దీపం ఎవరికీ కొత్తగా తోచలేదు.

క్రిస్మస్ చెట్టు కూడా తీరానికి తగినట్టు మారింది. జర్మన్లు ఎరిగిన దేవదారు జాతి చెట్టు ఇక్కడ పెరగదు. పందొమ్మిదో శతాబ్దంలో వంటచెరకు కోసం ఈ ఇసుక నేలల్లో విరివిగా నాటిన సరుగుడు అందుబాటులో ఉంది. సన్నటి ఆకుల సరుగుడు కొమ్మను తొట్టిలో నిలిపి, రంగు కాగితాలు కట్టి చెట్టుగా పెట్టుకోవడం తీరమంతటా అలవాటైంది.

పాట

రెండో చేర్పు పాట. తొలి మిషనరీలు ఇంగ్లీషు బాణీల్లోకి తెలుగు మాటలు ఇరికించి పాడించేవారు. ఆ పాటలు సంఘంలో నిలిచాయి గానీ, రాత్రి వీధిలో నడుస్తూ నలుగురూ కలిసి పాడుకోవడానికి కీర్తన కావాలి. ఆ లోటును బాగా తీర్చినవారిలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890 వరకు జీవించిన ఆయన నూరుకు పైగా కీర్తనలు రాశాడు. కర్ణాటక సంగీత పద్ధతిలో, పల్లవి చరణాలతో సాగే ఆ రచనలు డెనామినేషన్ల హద్దులు దాటి అందరివీ అయ్యాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన తల మీద నేటికీ రాగం, తాళం అచ్చవుతాయి.

క్రిస్మస్ ముందు రాత్రుల్లో యువకులు, పిల్లలు, ఆడవారు బృందంగా క్యారల్స్‌కు బయలుదేరతారు. ఒక్కో ఇంటి ముందు ఆగి ఒకటి రెండు కీర్తనలు పాడి, ప్రార్థన చేసి, కానుక తీసుకుని పక్కింటికి వెళతారు. హార్మోనియం, తబలా, తాళాలు ఉంటాయి, చాలా ఊళ్లలో డప్పు కూడా ఉంటుంది. ఒకప్పుడు జాతరలో డప్పు కొట్టబోమన్న కుటుంబాల మనవలు, మునిమనవలు తమ పండుగకు తామే దాన్ని చేతపట్టారు. వెట్టి చిహ్నంగా వదిలేసిన వాద్యం సంతోషానికి తిరిగి రావడం ఈ చరిత్రలో అన్నిటికంటే గొప్ప మలుపు. ఈ పాటలు వినిపించే రోజులే ధనుర్మాసం. తెల్లవారుజామున హరిదాసు చిడతలు, రాత్రి పొద్దుపోయాక క్రైస్తవుల కీర్తనలు ఒకే వీధిలో వినిపించడం ఈ పల్లెలకు మామూలే. ఇంటింటికీ వచ్చి పాడేవారికి బియ్యమో డబ్బో ఇచ్చి పంపడం తెలుగు ఇళ్లకు పాత మర్యాద. క్యారల్స్ బృందానికీ అదే మర్యాద దక్కింది.

డిసెంబరు మొదటి వారం నుంచే ‘సెమీ క్రిస్మస్’ పేరుతో సంఘాల్లో, బడుల్లో, ఆఫీసుల్లో జరిగే కూడికలు తర్వాతి కాలపు చేర్పు. కొత్తగా పాడటం నేర్చుకున్న పిల్ల, మొదటిసారి వాక్యం చదివే కుర్రవాడు, నాటికలో గొల్లవాడి వేషం కట్టే బాలుడు పండుగలో తమ వంతు అందుకునేది ఈ కూడికల్లోనే.

ఇల్లు, పళ్లెం

మూడో చేర్పు వంటిల్లు. డిసెంబరు మూడో వారానికి ఇళ్లకు సున్నాలు, పిల్లలకు కొత్త బట్టలు అవుతాయి. పిండివంటల్లో అరిసెలు, కజ్జికాయలు, మురుకులు సంక్రాంతికి చేసేవే. గులాబీ పువ్వులు అనే తీపి మాత్రం క్రైస్తవుల ఇళ్లలో ఈ పండుగకు ప్రత్యేకంగా చేస్తారు. పువ్వు ఆకారంలో ఉన్న ఇనుప అచ్చును కాగే నూనెలో వేడిచేసి, పిండిలో సగం పైదాకా ముంచి, మళ్లీ నూనెలో పెట్టి కదిలిస్తే పువ్వు ఊడి తేలుతుంది. అచ్చు తగినంత వేడెక్కకపోయినా, మరీ కాగినా పిండి సరిగా అంటుకోదు. ఈ కిటుకు తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకోవాల్సిందే.

పండుగ నాడు ఆరాధన ముగిశాక పిండివంటల పళ్లెం పక్కింటికి వెళుతుంది. ఆ పక్కిల్లు హిందువులదో ముస్లింలదో కావచ్చు. సంక్రాంతికి అక్కడి నుంచి, రంజానుకు ఇంకో ఇంటి నుంచి ఈ ఇంటికి పళ్లెం వస్తుంది. పండుగలో తన సొంత కోరికకు చోటు వెతుక్కోవడం నెల్లూరు జిల్లాలో అన్ని మతాలవారికీ ఉన్న అలవాటే. మొహర్రం రోజుల్లో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండుగ ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. చదువు, పెళ్లి, సంతానం, ఉద్యోగం అంటూ ఏ కోరిక ఉన్నవారు ఆ పేరున్న రొట్టె అందుకుంటారు, కోరిక తీరాక అదే పేరున్న రొట్టె తెచ్చి మరొకరికి ఇస్తారు.

ఏడాది చివరి రాత్రి

క్రైస్తవుల్లో ఇలాంటి సొంత కోరికకు చోటిచ్చేది క్రిస్మస్ తర్వాత వచ్చే డిసెంబరు 31 రాత్రి. ఏడాది మారే వేళ మెలకువగా ఉండి ప్రార్థించే పద్ధతిని పద్దెనిమిదో శతాబ్దంలో మొరేవియన్లు, మెథడిస్టులు వ్యాప్తి చేశారు. నెల్లూరు జిల్లాకు ఈ వేళతో ఒక ప్రత్యేకమైన అనుబంధం ఉంది. ఫలితం లేదని తెలుగు మిషన్‌ను మూసేయాలా అని 1853లో అమెరికాలోని ఆల్బనీలో చర్చ జరిగింది. మిషన్ పటంలో ఒంటరిగా ఉన్న నెల్లూరు నక్షత్రం మీద శామ్యూల్ స్మిత్ రాసిన కవిత ఆ సభను కదిలించింది, మిషన్ నిలిచింది. కొద్ది నెలలకే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, ఒంగోలు పక్కనున్న కొండ మీద ఐదుగురు ప్రార్థించారు. వారు జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే వ్యక్తి, జూలియా, రూత్. ఐదుగురిలో ముగ్గురు తెలుగువారు. ఒంగోలుకు ఒక మిషనరీని పంపమని ఒక్కొక్కరు వంతులవారీగా అడిగారు. పన్నెండేళ్లకు క్లౌ వచ్చాడు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు నిలిచింది.

నేటి సంఘాల్లో 31 రాత్రి ఆరాధనకు రెండు ముఖ్య భాగాలున్నాయి. మొదటిది సాక్ష్యం. గడిచిన ఏడాదిలో తమ ఇంట్లో జరిగిన మేలును, తప్పిన కీడును ఒక్కొక్కరు లేచి చెబుతారు. పెద్ద చదువు లేనివారు, మిగతా రోజుల్లో నలుగురి ముందు నోరు విప్పనివారు కూడా ఆ రాత్రి మాట్లాడతారు. వేటకు వెళ్లి తుపానులో క్షేమంగా తిరిగి వచ్చిన సంగతి, బిడ్డ జ్వరం తగ్గిన సంగతి, అప్పు తీరిన సంగతి ఆరాధనలో భాగమవుతాయి. రెండోది వాగ్దానం. బైబిలు వచనాలు అచ్చువేసిన చిన్న కార్డులను బుట్టలో వేసి ఉంచుతారు. అర్ధరాత్రి దాటాక ఒక్కొక్కరూ ఒక కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తనకిచ్చిన మాటగా దాన్ని బైబిల్లో దాచుకుంటారు, లేదా గోడకు అంటించుకుంటారు. ఇదే పోలికతో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో 1728 నుంచి రోజుకో వచనాన్ని ఎంచి ఇచ్చే ఆచారం ఉంది, 1731 నుంచి అవి పుస్తకంగా వస్తున్నాయి. అక్కడ వచనం సంఘమంతటికీ ఒక్కటే. ఇక్కడ ఎవరి వాగ్దానం వారిది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలోనూ, ఒక్కొక్కరికీ సొంత వంతు దక్కే ఈ తీరే కనిపిస్తుంది. శుభ శుక్రవారం నాడు సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలను ఏడుగురు పంచుకుని ధ్యానం చెబుతారు. పాస్టరుతో పాటు సంఘంలోని స్త్రీలకు, యువకులకు కూడా ఒక్కో మాట దక్కుతుంది. ఈస్టరు వేకువన సమాధుల దగ్గర చేరి, శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పునరుత్థాన పండుగ అక్కడ తమ తల్లిదండ్రుల పేర్లతో కలిసిపోతుంది.

ఇంటి లోపలి చరిత్ర

ఈ పండుగలకు కాగితాల మీద కనిపించని మరో కోణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో వర్తింపజేశారు. క్రైస్తవులైన దళితులు రాష్ట్రంలో బీసీ–సీ కింద ఉన్నారు. అందువల్ల ఒకే కుటుంబంలో అన్నదమ్ముల్లో ఒకరు రికార్డుల్లో క్రైస్తవుడిగా, మరొకరు హిందువుగా ఉండటం తెలిసిన సంగతే. అటువంటి ఇళ్లలో క్రిస్మస్ అందరినీ ఒక పంక్తిలో కూర్చోబెడుతుంది. కాగితం మీద ఏం రాసి ఉన్నా, నక్షత్రం కట్టేటప్పుడు, కీర్తన పాడేటప్పుడు, గులాబీ పువ్వులు వండేటప్పుడు ఎవరి పాలు వారికి ఉంటుంది.

ఊరు విడిచి వెళ్లినవారు కూడా ఈ పండుగను వెంట తీసుకెళ్లారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మద్రాసు రేవు నుంచి కూలికి వెళ్లిన తెలుగువారిలో బాప్టిస్టు కుటుంబాలు ఉన్నాయి. తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సంఘం 1903లో నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్యను వారి దగ్గరకు పంపింది. ఆయన అదే ఏడాది చివర్లో కియర్స్‌నీ తేయాకు తోటలో తొలి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించాడు. తెలుగువారే డబ్బు కూడబెట్టి తమవారి కోసం విదేశానికి బోధకుణ్ని పంపడం ఈ మిషన్ చరిత్రలో కొత్త అధ్యాయం.

2008లో కొత్త రేవు మొదలయ్యాక కృష్ణపట్నం చుట్టుపక్కల పనులు, మనుషులు, ఇళ్లు మారాయి. వేటకూ ఉప్పు మడులకూ పేరుపడిన తీరాన కరెంటు కేంద్రాలు, గిడ్డంగులు వచ్చాయి. చదువు కోసం, ఉద్యోగం కోసం పిల్లలు చెన్నైకి, హైదరాబాదుకు, గల్ఫ్‌కు వెళ్లారు. సెలవు దొరికిన వారు డిసెంబరు చివరి వారంలో ఇంటికి వస్తారు, దొరకనివారు ఉన్న చోటే తెలుగు సంఘం వెతుక్కుని 31 రాత్రి వాగ్దానం తీసుకుంటారు. మిషన్లు తెచ్చిన తేదీ నిలవడానికి కారణం మిషన్ ఒక్కటే అయితే, విదేశీ మిషనరీలు వెళ్లిపోయిన తర్వాత ఈ పండుగ పలచబడేది. అది ఇంకా పెరుగుతోందంటే కారణం ప్రతి ఇంటికీ అందులో చేయడానికి ఒక పని, చెప్పడానికి ఒక మాట ఉండటమే.